ఇల్లే గోదాముగా బతికిన రోజులు: మన భవంతి ఇళ్లు, కొట్టాలు చెప్పే పాఠం

ఆర్మూర్ : పసుపు తొమ్మిది నెలల పంట. జూన్‌లో పెట్టిన విత్తనం జనవరి దాటితే గానీ చేతికి రాదు. తవ్వి, ఉడకబెట్టి, ఆరబెట్టి, డ్రమ్ములో వేసి తిప్పి, మెరుగు పెట్టి సంచులకెత్తే సరికి రైతు నడుం వంగిపోతుంది. ఇంత కష్టపడినవాడు ఫిబ్రవరి, మార్చి నెలల్లో అందరితో పాటే నిజామాబాద్ యార్డుకు బండి కడతాడు. సరుకు కుప్పలు తెప్పలుగా వచ్చిన ఆ రోజుల్లో ధర ఎట్లా ఉంటుందో మీకు వేరే చెప్పనక్కర్లేదు. "కొద్ది రోజులు ఆగవచ్చు గదా?" అని అడిగితే చాలామంది చెప్పే మాట ఒక్కటే: "యాడ పెట్టాలె? ఇంట్ల జాగ లేదు."

ఈ జవాబు మన తాతలు చెప్పేవారు కాదు. వాళ్లకు బ్యాంకు లేదు, రోడ్డు లేదు, ఫోను అసలే లేదు. కానీ జాగ ఉండేది. ఇల్లు కట్టేటప్పుడే మనిషికి ఎంత, పశువుకు ఎంత, గింజకు ఎంత అని లెక్క వేసి కట్టేవారు. ఆ ఇళ్లు ఇప్పుడు ఊరికి ఒకటో రెండో మిగిలాయి. అవి కూడా పోకముందే వాటి కట్టుబడిలోని తెలివి ఏమిటో తెలుసుకుంటే, కొత్త ఇల్లు కట్టేవారికి పనికొస్తుంది.

వాకిలి నుంచి పెరడు దాకా

కొంచెం భూమి, రెండు జతల ఎడ్లు ఉన్న రైతు కట్టుకున్న ఇంటిని మన దిక్కున భవంతి ఇల్లు అంటారు. కోస్తా జిల్లాల్లో మండువా లోగిలి అనేది దీనికి దగ్గరి చుట్టమే. నాలుగు వైపులా గదులు, నడుమ ఆకాశం కనిపించే ఖాళీ జాగా. నాలుగు వైపుల కప్పులూ లోపలికి వాలి ఉంటాయి. వాన నీరు నడుమ గచ్చులో పడి, తూము గుండా బయటికి పోతుంది.

వీధి వైపు రెండు అరుగులు, వాటి నడుమ పెద్ద దర్వాజ. దర్వాజ దాటితే పొడుగాటి సావిడి. నాగలి, కాడి, గొర్రు, పలుపులు, తట్టలు అక్కడే. పొలం నుంచి వచ్చిన సంచి మొదట దిగేదీ అక్కడే. లోపలి వైపు వంటిల్లు, దేవుడి అర్ర, పడక అర్ర. అన్నింటికంటే లోపల, కిటికీ లేని చీకటి అర్ర ఒకటి ఉంటుంది. అదే గింజల అర్ర. వెనుక దర్వాజ తీస్తే పెరడు, గడ్డివాము, పశువుల కొట్టం, బాయి.

దీని క్రమం చూడండి. కళ్లం నుంచి బండి వస్తే సరుకు సావిడిలో దిగుతుంది. ఎండ తగలాల్సినదాన్ని నడుమ గచ్చులో ఆరబోస్తారు. ఆరిన సరుకు లోపలి అర్రకు చేరుతుంది. రోజూ వాడే గింజ వంటింటికి పోతుంది, తవుడు, పొట్టు వెనుక కొట్టానికి పోతాయి. ఒకే దారిలో సరుకు ముందుకు పోతూ ఉంటుంది గానీ ఇటు నుంచి అటు మోయాల్సిన పని ఉండదు. వాన మబ్బు పట్టిందంటే నడుమ గచ్చులో ఉన్నదాన్ని నాలుగడుగుల దూరంలోని సావిట్లోకి ఇంటిల్లిపాది కలిసి క్షణాల్లో ఎత్తేవారు.

మట్టిగోడ బలం ఎక్కడుంది?

రైతు ఇంటి గోడ సాధారణంగా మట్టి గోడే. ఎర్రమట్టిలో గడ్డి కలిపి, నీళ్లు పోసి, కాళ్లతో తొక్కి, నానబెట్టి, మూరెడు ఎత్తున ఒక వరుస పెడతారు. అది ఎండాకే మీద ఇంకో వరుస. తొందరపడితే గోడ కూర్చుంటుంది. అందుకే ఇల్లు లేవడానికి ఒక ఎండాకాలమంతా పట్టేది. గోడ మందం రెండడుగులకు తక్కువ ఉండేది కాదు. పగటి ఎండ వేడి అంత మందం దాటి లోపలికి రావడానికి చాలా గంటలు పడుతుంది. వేడి లోపలికి చేరే వేళకు బయట చల్లబడి ఉంటుంది. మే నెలలో కూడా లోపలి అర్ర చల్లగా ఉండటానికి కారణం ఇదే.

గోడ కింద రాతి పునాది, నేల నుంచి మూరెడు రెండు మూరలు పైకి లేపుతారు. పైన కప్పు చూరు గోడ దాటి బయటికి వస్తుంది. అంటే వాన గోడ మీద పడదు, నేల చెమ్మ గోడకు ఎక్కదు. ఇంగ్లండు దేశంలో డెవాన్ అనే ప్రాంతపు రైతులు కూడా సరిగ్గా ఇట్లాగే మట్టి, గడ్డి కలిపి, పశువులతో తొక్కించి ఇళ్లు కట్టుకున్నారు. వందల ఏళ్లనాటి ఆ ఇళ్లలో నేటికీ కాపురాలు ఉన్నాయి. మట్టిగోడకు నెత్తిన మంచి టోపీ, కాళ్లకు మంచి చెప్పులు ఉంటే చాలునని అక్కడివారి సామెత. టోపీ అంటే చూరు, చెప్పులు అంటే రాతి పునాది. దేశాలు వేరయినా మట్టి గుణం ఒక్కటే.

కప్పును మోసేది గోడ కాదు, మొగురాలు. టేకు గానీ, వేప గానీ, నల్లమద్ది గానీ నిలబెట్టి, కింద రాతి దిమ్మె పెడతారు. కర్ర నేలను తాకదు కాబట్టి చెద తొందరగా ఎక్కదు. మొగురాల మీద దూలాలు, వాటి మీద వాసాలు, పైన గూనపెంకలు. పెంకల సందుల్లోంచి వేడి గాలి పైకి పోతుంది. ఏటా వానలకు ముందు పెంకలు సర్దించాలి, కోతులు ఎక్కితే మళ్లీ సర్దించాలి. ఈ చాకిరీ వల్లనే చాలామంది పెంకుటిల్లంటే విసిగిపోయారన్నది కూడా నిజం.

గింజకో చోటు

అన్ని గింజలను ఒకే తీరుగా దాచేవారు కాదు. ఏది ఎంతకాలం ఉండాలో దాన్ని బట్టి చోటు.

గుమ్మి : వెదురు దబ్బలతో అల్లిన పెద్ద బుట్ట. లోపల, బయట ఎర్రమట్టి, పెండ కలిపి మెత్తుతారు. నేల మీద నేరుగా పెట్టరు. కింద రాళ్లు పేర్చి వాటి మీద నిలబెడతారు. పైనుంచి గింజ పోసి మూత పెట్టి మెత్తితే, కింద ఉన్న చిన్న రంధ్రం నుంచి కావలసినంత తీసుకోవచ్చు. ముందు పోసిన గింజ ముందు బయటికి వస్తుంది. పాత గింజ అడుగున పడి పుచ్చిపోయే బాధ ఉండదు.

గరిసె : వడ్లు, జొన్నలు ఎక్కువ మొత్తంలో దాచే చోటు. కొన్ని ఇళ్లలో ఇది పెద్ద గాదె, కొన్నింటిలో ఒక అర్రే గరిసె.

అటుక : వంటింటి పైన కర్ర పలకలు పరిచి కట్టేది. కింద పొయ్యి పొగ, వేడి ఎప్పుడూ తగులుతూ ఉంటాయి కాబట్టి విత్తనపు మక్క కంకులు, ఎల్లిగడ్డ, మిరప అక్కడ పెట్టేవారు. పొగ పట్టిన విత్తనానికి పురుగు తక్కువ.

కుండలు, గోలేలు : పప్పు దినుసులకు. కందులు, పెసర్లకు ఎర్రమట్టి పట్టించి ఎండబెట్టేవారు. వేపాకు, వావిలాకు, బూడిద కలిపేవారు.

పాతర : జొన్నలను రెండు మూడేళ్లు దాచాలంటే పాతరే. ఎత్తయిన చోట, గట్టి మొరం నేలలో మూతి సన్నగా, కడుపు పెద్దగా ఉండేట్టు తవ్వుతారు. అడుగున, చుట్టూ గడ్డి పరిచి జొన్నలు పోసి, పైన బండ పెట్టి మట్టితో మూస్తారు. గాలి ఆడదు. గింజ తనకు తానే లోపలి ప్రాణవాయువును వాడుకుని బొగ్గుపులుసు వాయువును వదులుతుంది. అందులో పురుగు బతకదు. ఈ రోజుల్లో గాలి చొరని ప్లాస్టిక్ సంచులు అమ్ముతున్నారే, వాటి సూత్రం కూడా ఇదే.

ఇక్కడ ఒక హెచ్చరిక. పాతర తీయగానే దిగిన మనిషి ఊపిరాడక చనిపోయే ప్రమాదం ఉంది. పురుగును చంపిన గాలే మనిషినీ చంపుతుంది. మీ పాత ఇంట్లో, దొడ్డిలో పాతర బయటపడితే మూత తీసి ఒక రోజంతా వదిలేయండి. దీపం దించి చూడండి, ఆరిపోతే దిగవద్దు. దీపం వెలిగినా ఒంటరిగా దిగవద్దు. నడుముకు తాడు కట్టుకోవాలి, పైన ఇద్దరు ఉండాలి. పాడుబడ్డ బాయికి కూడా ఇదే జాగ్రత్త.

పసుపుకు చీకటి కావాలి

పసుపు దాచే విషయంలో పాత ఇంటి తెలివి ఇంకా ఎక్కువ కనిపిస్తుంది. ఎండిన కొమ్ముకు శత్రువులు మూడు: చెమ్మ, వెలుతురు, పురుగు. ఎండ ఎక్కువ రోజులు తగిలితే పసుపు రంగు పాలిపోతుంది. కిటికీ లేని చీకటి అర్ర రంగును కాపాడేది. మందపాటి మట్టిగోడ చెమ్మ ఎక్కువైనప్పుడు కొంత పీల్చుకుని, గాలి పొడిగా ఉన్నప్పుడు వదిలేస్తుంది. అందువల్ల లోపల ఒక్కసారిగా మార్పులు రావు.

అదే కొమ్ములను ఇప్పుడు ఎక్కడ పెడుతున్నాం? స్లాబు ఇంటి వరండాలో, మెట్ల కింద, కారు పెట్టే చోట. సిమెంటు నేల మీద గోనె సంచి నేరుగా పెడితే వానకాలంలో అడుగు సంచికి చెమ్మ ఎక్కి బూజు పడుతుంది. ఎండకాలంలో స్లాబు కింద గది పొయ్యిలా ఉంటుంది. కొమ్ములకు చిన్న చిన్న బెజ్జాలు పడి పొడి రాలుతోందంటే పెంకు పురుగు చేరిందన్న మాట. అది ఒక సంచిలో మొదలై మిగతా వాటికి పాకుతుంది.

లెక్క వేసుకోండి. ఎకరాకు 20 క్వింటాళ్ల ఎండు పసుపు వచ్చిందనుకుంటే, రెండెకరాల రైతు దగ్గర 40 క్వింటాళ్లు ఉంటాయి. దాచుకునే వీలు లేక క్వింటాలుకు వెయ్యి రూపాయలు తక్కువకు అమ్మితే 40 వేల రూపాయలు పోయినట్టు. రెండేళ్లు ఇట్లా పోతే ఒక మంచి అర్ర కట్టే డబ్బు పోయినట్టే. అయితే ఆగిన ప్రతిసారీ ధర పెరుగుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. జాగ ఉన్నవాడికి ఆగాలా, అమ్మాలా అని ఆలోచించే వీలుంటుంది, జాగ లేనివాడికి ఆ వీలే లేదు. తేడా అంతే, కానీ అది చిన్న తేడా కాదు.

పసుపు ధర కోసం ఈ ప్రాంతం చేసిన పోరాటం అందరికీ తెలిసిందే. 2019 ఫిబ్రవరిలో పసుపుకు క్వింటాలుకు 15 వేలు, ఎర్రజొన్నకు 3,500 రూపాయలు ఇవ్వాలని ఆర్మూర్ రైతులు రహదారి మీద బైఠాయించారు. ఆ ఏటి లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ స్థానంలో 185 మంది పోటీ చేస్తే అందులో అత్యధికులు రైతులే. 2023 అక్టోబరులో జాతీయ పసుపు బోర్డు ప్రకటన వచ్చింది, 2025 జనవరి 14న బోర్డు ప్రారంభమైంది, నిజామాబాద్ దాని కేంద్రమైంది. మంచిదే. కానీ బోర్డు ఉన్నా, యార్డు ఉన్నా, పంట చేతికొచ్చిన రాత్రి సంచి ఎక్కడ దించాలన్నది మాత్రం మన ఇంటి ప్రశ్నే.

గడి వేరు, రైతు ఇల్లు వేరు

పాత కట్టడాలు అనగానే అందరికీ గడులు గుర్తొస్తాయి. మన దిక్కున సిర్నాపల్లి గడి ఉంది. ఇప్పుడు కామారెడ్డి జిల్లాలోకి వెళ్లిన దోమకొండ గడికోట ఉంది. దోమకొండ కోటను డంగు సున్నం వంటి పాత పద్ధతుల్లోనే బాగు చేయించినందుకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారాల్లో గుర్తింపు దక్కింది. అది సంతోషించదగ్గ విషయం.

అయితే గడిలోని గరిసెకు, రైతు ఇంటి గరిసెకు ఒక తేడా ఉంది. గడి గరిసెలో నిండిన గింజ చాలామట్టుకు ఇతరుల చెమట. నిజాం పాలన చివరి రోజుల్లో లెవీ పేరుతో రైతు ఇంటి గుమ్మి ఊడ్చి తీసుకుపోయిన సంగతి పెద్దలు ఇప్పటికీ చెబుతారు. తెలంగాణ పోరాట కాలంలో జనం గడుల మీదికి పోయి ధాన్యం పంచుకున్నది అందుకే. గుమ్మి నిండుగా ఉన్న ఇంటికి ఎవరి ముందూ చేయి చాచే పని లేదు. కాబట్టి గడిని కాపాడుకోవడం ఎంత అవసరమో, రెండెకరాల రైతు కట్టిన కొట్టం కూడా అంత చరిత్రే. దానికి మాత్రం పురస్కారం ఇచ్చేవారు లేరు.

ఇంగ్లండు రైతుల కొట్టాలు

ఇంగ్లండులో గ్రేట్ కాక్స్‌వెల్ అనే ఊళ్లో ఒక ధాన్యపు కొట్టం ఉంది. సుమారు 1292 ప్రాంతంలో కట్టారు. పొడవు 152 అడుగులు. గోడలు రాయి, లోపల కప్పును మోసేది ఓక్ కర్ర స్తంభాలు. స్తంభాల కింద ఎత్తయిన రాతి దిమ్మెలు ఉన్నాయి, మన మొగురాల కింద రాళ్లలాగే. హార్మండ్స్‌వర్త్‌లో 1426లో కట్టిన ఇంకొక కొట్టం 192 అడుగుల పొడవు ఉంటుంది. వీటిని ఆ దేశపు వారసత్వ సంస్థలు రాజభవనాల్లాగే కాపాడుతున్నాయి.

ఆ పాత కొట్టాలలో సాధారణంగా ఎదురెదురుగా రెండు పెద్ద తలుపులు ఉంటాయి. నడుమ గట్టి నేల. చలికాలమంతా అక్కడే పంట కొట్టేవారు. రెండు తలుపులూ తీస్తే గాలి సూటిగా వీస్తుంది, ఆ గాలికి తూర్పారబట్టేవారు. మనం కళ్లంలో మంచె ఎక్కి చేసిన పనిని, వాన ఎక్కువ ఉన్న ఆ దేశంలో ఇంటి కప్పు కింద చేసుకున్నారు. ధాన్యపు గదిని పుట్టగొడుగు ఆకారపు రాళ్ల మీద నిలబెట్టేవారు. ఎలుక రాయి ఎక్కినా పైనున్న గొడుగు దాటలేదు. గోడ పైభాగంలో గుడ్లగూబ దూరేంత రంధ్రం వదిలేవారు, ఎలుకలను పట్టేందుకు. మన గుమ్మి కింద రాళ్లు, మన ఇంటి పిల్లి చేసిన పని కూడా ఇదే గదా.

మన దేశంలోనూ ఇలాంటి ప్రయత్నం ఒకటి జరిగింది. చెన్నై దగ్గర ముట్టుకాడులో 1996లో తెరిచిన దక్షిణచిత్ర ప్రదర్శనశాలలో దక్షిణాది రాష్ట్రాల పాత ఇళ్లను పెట్టారు. వాటిలో తెలుగువారి ఇళ్లు కూడా ఉన్నాయి. పిల్లలను అటు తీసుకుపోతే చూపించండి.

పాత ఇల్లు ఉన్నవారు ఇవి చూసుకోండి

1970ల నుంచి గల్ఫ్ పోయిన పిల్లల సంపాదనతో మన ఊళ్లలో స్లాబు ఇళ్లు లేచాయి. అందులో తప్పేమీ లేదు. కోతుల బాధ, పెంకల బాధ తప్పింది. పసుపు ఆరబెట్టడానికి స్లాబు పనికొస్తోంది కూడా. కానీ పాత ఇల్లు ఉంచినా, తీసినా కొన్ని సంగతులు గుర్తుంచుకోవాలి.

1. మట్టిగోడకు సిమెంటు పూత వేయకండి. లోపలి చెమ్మ బయటికి రాలేక గోడ లోపలే మెత్తబడుతుంది. పైకి బాగానే కనిపించి ఒక వానకు కూలుతుంది. మట్టి పూత గానీ, సున్నం పూత గానీ మంచిది.

2. గోడ అడుగున చెమ్మ, కడుపు ఉబ్బినట్టు వంపు, కొత్త పగుళ్లు కనిపిస్తే ఆ గోడ పక్కన ఎవరినీ పడుకోనివ్వకండి. 2023 జూలైలో పక్కనే ఉన్న వేల్పూర్‌లో ఒక్క రోజులో 40 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. అలాంటి వానకు బలహీనమైన గోడ నిలవదు. గింజ పోతే మళ్లీ పండించుకోవచ్చు.

3. దర్వాజలు, మొగురాలు, దూలాలు కొనడానికి పట్నం నుంచి బేరగాళ్లు వస్తారు. ముదురు టేకు విలువ తెలియక కట్టెల లెక్కన ఇవ్వకండి. ఇద్దరు ముగ్గురిని అడగండి. అన్నిటికంటే మేలు, ఆ కర్రనే కొత్త కొట్టానికి వాడుకోవడం.

4. ఇల్లు తీసే ముందు గదుల కొలతలు రాసి పెట్టుకోండి, ఫోటోలు తీయించండి. గింజల అర్ర ఎంత ఉండేదో కొత్త ఇల్లు కట్టే మేస్త్రీకి చూపించండి.

కొత్త ఇల్లు కట్టేవారికి

ఇంటి ప్లానులో పడక గదులు, హాలు, బాత్‌రూం అన్నీ ఉంటాయి. రైతు ఇంటికి సరుకు గది కూడా ఉండాలని మేస్త్రీకి ముందే చెప్పండి. ఉత్తరం వైపు గానీ తూర్పు వైపు గానీ ఉంటే పడమటి ఎండ తగలదు. నేల వీధి కంటే రెండడుగులు ఎత్తు ఉండాలి. పైన చిన్న గాలి రంధ్రాలు పెట్టి ఇనుప జాలి బిగించండి. వానకాలంలో మూసుకునే వీలుండాలి. పొడి రోజున తెరిచి గాలి ఆడనివ్వాలి.

పసుపు కొమ్ములో తేమ 10 శాతానికి మించకూడదు. కొమ్ము విరిస్తే టక్కున మోగాలి. వంగితే ఇంకా ఎండలేదని గుర్తు. సంచులను నేల మీద కాకుండా చెక్క పలకల మీద, గోడకు అడుగు దూరంలో పేర్చండి. నెలకోసారి ఒక సంచి విప్పి చూడండి. కొత్త సరుకును నిరుటి సరుకు పక్కన పెట్టకండి.

పురుగు పట్టిందని మందు బిళ్లలు తెచ్చి ఇంట్లో పెట్టడం మాత్రం ప్రాణాలతో చెలగాటమే. అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లల నుంచి వచ్చే గాలి పక్క గదిలో నిద్రపోయే పిల్లలను కూడా చంపుతుంది. అది శిక్షణ పొందినవారు, మనుషులు ఉండని గోదాముల్లో చేయాల్సిన పని.

ఇంట్లో అసలే వీలు లేని చిన్న రైతులు నలుగురు కలిసి ఒక కొట్టం కట్టుకోవచ్చు. గుర్తింపు పొందిన గిడ్డంగిలో సరుకు పెట్టి, ఆ రసీదు మీద బ్యాంకు అప్పు తీసుకునే ఏర్పాటు 2007 నాటి గిడ్డంగుల చట్టం కింద ఉంది. మీ దగ్గరలో అలాంటి గిడ్డంగి ఎక్కడుందో, అద్దె ఎంతో మార్కెట్ కమిటీ కార్యాలయంలో అడగండి. పసుపు ఆరబెట్టడం, నిల్వ చేయడం మీద సందేహాలుంటే కమ్మర్‌పల్లి పసుపు పరిశోధన కేంద్రం మనకు దగ్గరే. వచ్చే పంట తవ్వకముందే, సంచి దించే చోటు ఏదో ఇంటిల్లిపాది కూర్చుని తేల్చుకోండి.